ఉమ్మడి పొయ్యి

హాస్టల్, మూడో అంతస్తు,
కిటికీ పక్క మంచం
ఆగస్టు 4

పిన్నీ,

క్షేమంగా చేరాను. ఫోన్ చేస్తే నువ్వు "బాగున్నా, తిన్నావా" అన్న రెండు ముక్కలు దాటి మాట్లాడవు. గోడలు పల్చన, గదుల వరుసంతా వింటుందన్న నీ భయం నాకు తెలుసు. అందుకే ఉత్తరాలు రాయాలని నిర్ణయించుకున్నాను. నువ్వూ రాయాలి. ఎనిమిదో తరగతితో ఆగిపోయానని సాకు చెప్పకు. ఆసుపత్రి లాండ్రీలో అందరి సెలవు చీటీలూ రాసిపెట్టేది ఎవరో నాకు తెలియదా?

గదిలో ఇద్దరం. రెండో మంచం ఒక వ్యవసాయ ఇంజనీరుది. ఆవిడ పదేళ్ళు ఉద్యోగం చేసి మళ్ళీ చదువుకోవడానికి వచ్చింది. నన్ను చూసి, "నువ్వు ఏం ఉద్యోగం చేశావు?" అని అడిగింది. "ఏమీ లేదండీ, పుస్తకాలు చదివాను" అన్నాను. "అదీ మంచిదే" అంది గాని, ఆ అనడంలో నాకు పెద్దగా మర్యాద కనిపించలేదు.

మా కోర్సు పేరు సుస్థిర అంతర్జాతీయ అభివృద్ధి, పేదరిక నిర్మూలన. తలుపు మీది బోర్డులో ఇదంతా పట్టలేదు. పేదరికం పై వరుసలోనే ఉండిపోయింది. నిర్మూలన జాగా చాలక కింది వరుసలోకి దిగింది. క్లాసులో అది చూసి నవ్వినదాన్ని నేనొక్కదాన్నే.

మాటల కోసం ఒక నోటుపుస్తకం పెట్టాను. రోజుకొకటి రాసుకుంటాను. నిన్నటి మాట నిర్వాసితులు. పలుకుతుంటే ఎంత బాగుందో! నాలుగుసార్లు పైకి అనుకున్నాక అర్థం చూశాను. ఉన్న చోటు నుంచి లేవగొట్టబడినవాళ్ళట.

మా ప్రొఫెసర్ మేడమ్ మొదటి పని ఇచ్చారు. బాగా తెలిసిన ఒక కుటుంబం గురించి రెండు వేల మాటల్లో రాయాలి. అందులో "పేద" అన్న మాట ఒక్కసారి కూడా రాకూడదు. వెనకాల సర్వే ఫారం నింపి జతచేయాలి. నేను మన పొయ్యి గురించి రాస్తాను. వరండాలో ఒక్క పొయ్యి, దాని చుట్టూ మీరు ముగ్గురు. ఇంతకంటే నాకు బాగా తెలిసింది ఈ లోకంలో ఇంకేముంది?

నీ అమ్మాయి

*

కాలువ గట్టు, ఏడో గది
ఆగస్టు 19

మా నిఘంటువుకు,

అలా పిలిచానని మూతి ముడవకు. చిన్నప్పుడు ఏ తిండి పెట్టినా తినడం మానేసి పొట్లం కట్టిన కాగితం చదివేదానివి. ఆ పేరు పెట్టింది మీ టికెట్టు పెద్దమ్మ, నేను కాదు.

ఉత్తరం లాండ్రీ అడ్రసుకే రాశావు, మంచి పని చేశావు. మధ్యాహ్నం విరామంలో దుప్పట్ల మూట మీద కూర్చుని చదువుకున్నా. సూపర్వైజరు వచ్చి, "ఏంటమ్మా, ప్రేమలేఖా?" అన్నాడు. "అవును, మీకు రాదులెండి" అన్నా.

మన పొయ్యి గురించి రాయడానికి ఏముందో నాకు తెలియదు. తొమ్మిదో గది పైకప్పు చెక్క ఒక ఎండాకాలం నల్లగా కాలింది కాబట్టి, లోపల వండకూడదని ముగ్గురం అనుకున్నాం. మూడు పొయ్యిలు పెడితే వరండాలో మనిషి నడిచే దారి ఉండదు. అందుకని ఒకటే పెట్టాం. నేను తెల్లారకముందే డ్యూటీకి పోతా కాబట్టి పొద్దుటి వంట నాది. మీ టైలరత్త ఇంటి దగ్గరే సంచులు కుడుతుంది కాబట్టి మధ్యాహ్నం ఆవిడది. టికెట్టు పెద్దమ్మ బస్టాండు స్నానాల గదుల దగ్గర టికెట్లు చింపడం అయ్యాక వచ్చి సాయంత్రం వండుతుంది. ఆవిడ వండిన రోజు కూరలో ఉప్పు ఎక్కువ. అది కూడా రాయి. ఆవిడకి వినిపించకు.

ఇక్కడ ఒక కబురు. కాలువ వెడల్పు చేస్తారట. టేపులు పట్టుకుని ఇళ్ళ ఆఫీసు వాళ్ళు వచ్చి గట్టంతా కొలిచారు. మన వరుస గదులు తీసేసి, అవతల నాలుగంతస్తుల బ్లాకులు కట్టారు కదా, అందులో కుటుంబానికి ఒక గది ఇస్తారట. ఆఫీసులో నన్ను "లబ్ధిదారు" అని పిలిచారు. ఇన్నాళ్ళూ లాండ్రీదాన్ని అనుకుంటున్నా.

తిండి మానేసి చదవకు.

పిన్ని

*

హాస్టల్, మూడో అంతస్తు
సెప్టెంబరు 30

పిన్నీ, పిన్నీ,

రెండుసార్లు పిలిచాను, ఎందుకో చెబుతాను. మేడమ్ నా వ్యాసం క్లాసులో పైకి చదివారు! మొత్తం కాదు, మూడో పేజీ. ముగ్గురు ఆడవాళ్ళు మూడు వేళల్లో ఒకే మంట దగ్గర నిలబడటం, ఇంధనం తక్కువ ఖర్చవడం, ఒకరికి జ్వరమొస్తే మిగతా ఇద్దరి పూట పెరగడం. "సుస్థిరత గురించి మీకు నేను ఇచ్చిన పుస్తకాల్లో ఇంత వివరంగా లేదు" అన్నారు. ఇంజనీరుగారు నా వైపు తిరిగి చూసింది. ఈసారి ఆ చూపులో మర్యాద ఉంది.

ఇంకో సంగతి. నాకే నమ్మబుద్ధి కావడం లేదు. మీ కాలువ పని చూస్తున్న ఇళ్ళ ఆఫీసుకి మా డిపార్ట్‌మెంటే సలహా ఇస్తోంది. వ్యాసం, ఫారం రెండూ వాళ్ళకి పంపే నివేదికలో పెడతానని మేడమ్ అన్నారు. నేను చదువుకోవడానికి వచ్చి రెండు నెలలైనా కాలేదు, నేను రాసింది ఒక ఆఫీసు బల్ల మీదికి వెళ్ళింది!

ఫారం చాలా పద్ధతిగా ఉంటుంది, పిన్నీ. కుటుంబం అంటే ఏమిటో ముందే నిర్వచనం ఇస్తారు. ఒక పొయ్యి మీద వండుకుని, సంపాదన కలిపి వాడుకునేవాళ్ళు ఒక కుటుంబం. రక్తసంబంధం ఉండనక్కర్లేదు. ఎంత విశాలమైన నిర్వచనమో చూడు! ముప్పై రెండు గడులు. గంటలో నింపేశాను. వయసులో పెద్ద కాబట్టి కుటుంబ పెద్దగా టికెట్టు పెద్దమ్మ పేరు రాశాను. ఆవిడకి చెప్పు, గర్వపడుతుంది.

ఇవాళ్టి మాట: విశదీకరణ.

నీ అమ్మాయి

*

కాలువ గట్టు, ఏడో గది
నవంబరు 6

నిఘంటువుకు,

గర్వపడింది. "నేనే పెద్దని, ఇక నుంచి నాకు ముందు వడ్డించాలి" అని వారం రోజులు మమ్మల్ని నిలవనివ్వలేదు.

ఇళ్ళ ఆఫీసు వాళ్ళు గదిగదికీ తిరిగి ఫారాలు నింపారు. ఒకటో గది నుంచి ఆరో గది దాకా వచ్చారు. మన మూడు గదులూ దాటేసి పదో గదికి వెళ్ళిపోయారు. నేను పిలిచా. "ఏడు, ఎనిమిది, తొమ్మిది అయిపోయాయమ్మా, యూనివర్సిటీ ఫారం ఉంది మా దగ్గర" అన్నారు. పదో గది ఆవిడని గంటసేపు కూర్చోబెట్టి అడిగారు. మన పిల్ల చదువు పుణ్యమా అని మాకు ఆ శ్రమ తప్పిందని మీ టికెట్టు పెద్దమ్మ వరుసంతా చెప్పుకొచ్చింది.

లాండ్రీలో కొత్త రోలరు వచ్చింది. దుప్పటి ఒక చివర పెడితే రెండో చివర ఇస్త్రీ అయి వస్తుంది. మడత మాత్రం మేమే పెట్టాలి. ఇద్దరం చెరో అంచూ పట్టుకుని ఎదురెదురుగా నడవాలి. నాతో మడత పెట్టే ఆవిడ పొట్టి. నేను నడుం వంచి నడుస్తున్నా.

నువ్వు రాసిందానికి ఒక నకలు పంపు. ఫారం కూడా.

పిన్ని

*

హాస్టల్, మూడో అంతస్తు
నవంబరు 15

పిన్నీ,

నకలు ఇందులోనే పెట్టాను. వ్యాసం ముందు చదువు, ఫారం చివర్లో చూడు. ఫారంలో కవిత్వం ఏమీ లేదు.

జాబితా వచ్చిందా? ఏ అంతస్తు? నాకైతే నువ్వు రెండో అంతస్తులో ఉండాలని ఉంది. కింద అయితే దుమ్ము, పైన అయితే నీ మోకాళ్ళు. కొళాయి గదిలోనే ఉంటుందని మా నివేదికలో చదివాను. బకెట్లు మోయడం ఉండదు. నేను సెలవుల్లో వచ్చి చేసే మొదటి పని ఆ కొళాయి తిప్పడం.

పరీక్షలు దగ్గరపడ్డాయి. ఇంజనీరుగారికి గణాంకాలు బాగా వచ్చు, నాకు వాక్యాలు బాగా వచ్చు. అందుకని ఒకరికొకరం పాఠం చెప్పుకుంటున్నాం. నిన్న ఆవిడ నా వాక్యాల్లోంచి విశేషణాలు ఏరడం మొదలుపెట్టింది. పదహారు దొరికాయి. "ఇవన్నీ తీసేసినా ఇల్లు కూలదు చూడు" అంది. ఐదు మాత్రం వదలనన్నాను.

త్వరగా రాయి. అంతస్తు రాయడం మర్చిపోకు.

నీ అమ్మాయి

*

కాలువ గట్టు, ఏడో గది
డిసెంబరు 1

నిఘంటువుకు,

జాబితా వచ్చింది. మన పేరు ఉంది. నాలుగో అంతస్తు. అక్షరాలు శుభ్రంగా అచ్చు వేశారు, తప్పులేమీ లేవు.

వ్యాసం చదివా. బాగుంది. ముఖ్యంగా జ్వరం సంగతి. మీ టైలరత్తకి చదివి వినిపిస్తే కళ్ళు తుడుచుకుంది. పొగ అంది.

పరీక్షలు బాగా రాయి. చలికి ఆ పల్చటి చున్నీ సరిపోదు, మందంది కొనుక్కో. నా గురించి ఆలోచించకు.

పిన్ని

(ఈ కింద రాసింది టైలరత్త. మీ పిన్ని ఈ ఉత్తరం పోస్టులో వేయమని నాకిచ్చింది. అంటించే ముందు చదివా, తిట్టుకో. అమ్మాయీ, జాబితాలో మా మూడు గదులూ కలిపి ఒకే కుటుంబం అని ఉంది. పేరు టికెట్టు వదినది. మీ పిన్నీ నేనూ ఆవిడ మీద ఆధారపడినవాళ్ళమట. ముగ్గురికీ కలిపి ఒక్క గది, పది అడుగులకి పది. అందులో నా మిషను పెడితే ఇద్దరే పడుకోగలరు. మార్చిలో ఇక్కడ గదులు పడగొడతారు. మీ పిన్ని నాతో, "మీరిద్దరూ వెళ్ళండి, నాకు లాండ్రీ ఉంది" అంటోంది. లాండ్రీ వెనక స్టోరు గదిలో పడుకోనిస్తారా అని సూపర్వైజర్ని అడిగిందని ఇవాళే తెలిసింది. నువ్వేదో చేస్తావని రాయడం లేదు. నువ్వు కొళాయి గురించి రాసింది మీ పిన్ని చదువుతుంటే నాకు చూడబుద్ధి కాలేదు, అందుకని రాశా.)

*

హాస్టల్, మూడో అంతస్తు
డిసెంబరు 8

పిన్నీ,

టైలరత్త మీద కోప్పడకు. ఉత్తరం చివర ఆవిడ రాసింది చదివాను.

ఫారం తీసి మళ్ళీ చూశాను. ఇరవై ఒకటో గడి. "ఈ సభ్యుల సంపాదన ఉమ్మడిగా ఖర్చు చేయబడుతుందా? అవును / కాదు. సభ్యులను విడివిడిగా అడిగి నింపవలెను." నేను "అవును" మీద టిక్కు పెట్టాను. మిమ్మల్ని అడగలేదు. నిన్ను కాదు, టైలరత్తని కాదు, ఎవరినీ కాదు. ఎనిమిదేళ్ళు ఆ పొయ్యి మీద వండింది తిన్నాను, ఇంక అడిగేదేముంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే అంతకంటే ఇంకో కారణం కూడా ఉంది. "కాదు" అని పెడితే వ్యాసం అంత అందంగా ఉండదు. ముగ్గురు మూడు పర్సులు విడిగా దాచుకుని ఒక పొయ్యి పంచుకుంటారంటే అది సర్దుబాటు. అన్నీ కలుపుకుంటారంటే కథ. నాకు కథ కావాల్సి వచ్చింది.

ఇప్పుడు అడుగుతున్నాను. మీ ముగ్గురి సంపాదన కలిపి వాడతారా?

జవాబు రాయి. ఆ తరువాత ఏం చేయాలో ఆలోచిస్తాను.

*

కాలువ గట్టు, ఏడో గది
డిసెంబరు 14

అమ్మాయీ,

ఎవరి సంపాదన వాళ్ళది. ఎప్పుడూ అంతే. గ్యాసు మాత్రం వంతులవారీగా తెస్తాం. నా డబ్బుతో నీ ఫీజులు కట్టా. టికెట్టు పెద్దమ్మ తన తమ్ముడికి పంపుకుంటుంది. టైలరత్త ఏం చేస్తుందో నాకు తెలియదు, నేనూ అడగలేదు. పదిహేనేళ్ళ నుంచి పక్కపక్కన ఉండి కూడా అడగలేదు. కలిసి ఉండగలిగామంటే అందుకే.

ఇప్పుడు నేను చెప్పేది విను. మన గదులు ఎందుకు దాటేశారని వెళ్ళి అడిగితే, మూడూ కలిపి ఒకే కుటుంబంగా రాసి ఉందని ఆఫీసులో గుమాస్తా నాకు నవంబరు మొదట్లోనే చెప్పాడు. "ఆ ఫారం ఇచ్చినవాళ్ళు అది తప్పని రాసిస్తే మళ్ళీ మనిషిని పంపుతాం, లేకపోతే కుదరదమ్మా" అన్నాడు. ఫారం ఎవరిదో నాకు తెలుసు. కింద నీ సంతకం ఉంది. అందుకే నకలు అడిగా. నా కళ్ళతో చూసుకోవాలనుకున్నా. ఇరవై ఒకటో గడి అప్పుడే చూశా.

రాసిస్తే నీకు ఏమవుతుందో నాకు తెలియదా? లాండ్రీలో ఒకావిడ ఉతకని దుప్పటికి ఉతికినట్టు ముద్ర వేసింది. ఒక్కటే దుప్పటి. మర్నాడు ఆవిడ లేదు. మీ దగ్గర ఇంతకంటే మెత్తగా ఉంటుందని నేననుకోను.

వరుసలోవాళ్ళు ఒక ఉపాయం చెబుతున్నారు. తలా ఒక పొయ్యి ఎరువిస్తారట. మూడు గదుల ముందు మూడు పెట్టుకుని, ఆఫీసు వాళ్ళు అటుగా వచ్చినప్పుడు మూడూ వెలిగించమన్నారు. టికెట్టు పెద్దమ్మ సరేనంది. నేను వద్దన్నా. ఒక తప్పు ఫారం మీద ఉంటే చాలు, ఇంకోటి వరండాలో ఎందుకు?

నాకు స్టోరు గది ఇచ్చినా ఇవ్వకపోయినా ఎక్కడో ఒకచోట ఉంటా. నువ్వు నోరు మూసుకుని చదువుకో. ఇది నా మాట. నిన్ను పెంచినదాని మాట.

పిన్ని

*

హాస్టల్, మూడో అంతస్తు
జనవరి 10

పిన్నీ,

నీ మాట వినలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

సెలవులయ్యాక మొదటి రోజు మేడమ్ గదికి వెళ్ళాను. ఆవిడ గదిలో రెండు కుర్చీలుంటాయి, ఒకదాని మీద ఎప్పుడూ ఫైళ్ళుంటాయి. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. ఆవిడ అద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"అడిగావా, లేదా?"

"అడగలేదు మేడమ్."

"మరి టిక్కు ఎలా పెట్టావు?"

"నాకు తెలుసు అనుకున్నాను."

"అక్కడ ఎన్నేళ్ళున్నావు?"

"ఎనిమిదేళ్ళు."

"అయితే ఇంకా పెద్ద తప్పు. తెలియని ఇల్లయితే అడిగేదానివి."

తరువాత నా ఫైలు తీసి ఆ ఫారం చూశారు. "నేనూ చూసుకోలేదు. వ్యాసం బాగుందని ఫారం తిరగేయలేదు" అన్నారు. అది నన్ను ఓదార్చడానికి అన్నట్టు లేదు. తన మీద తనే ఫిర్యాదు రాసుకుంటున్నట్టు ఉంది.

కమిటీ రెండు రోజులు కూర్చుంది. వ్యాసం రద్దు. మొదటి టర్ము ఫలితం ఆపేశారు. ఒక టర్ము బయట ఉండి, వచ్చే ఏడాది ఆ పని మళ్ళీ మొదటి నుంచి చేయాలి. ఆ టర్ముకి స్కాలర్‌షిప్పు రాదు. లైబ్రరీలో పుస్తకాల వీపులకి నంబర్లు అంటించే పని ఇచ్చారు, దానికి మంచం, భోజనం ఇస్తారు. ఇంజనీరుగారు ఆ కబురు విని, "ఏం ఉద్యోగం చేశావని ఇంక ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఒకటి దొరికింది" అంది. తరువాత తన మందపాటి శాలువా తీసి నా మంచం మీద పడేసి, స్నానానికి వెళ్ళిపోయింది.

ఇళ్ళ ఆఫీసుకి మేడమ్ రాసిన ఉత్తరం నాకు చూపించారు. అందులో ఒక వాక్యం: "ఏడు, ఎనిమిది, తొమ్మిది గదుల ఫారంలో ఇరవై ఒకటో ప్రశ్నను మా విద్యార్థిని సభ్యులను అడగకుండా పూరించింది, కావున ఆ ఫారం చెల్లదు." అందులో విశేషణం ఒక్కటీ లేదు. నేను ఇక్కడికి వచ్చాక చదివినవాటిలో అంత శుభ్రమైన వాక్యం చూడలేదు. నోటుపుస్తకంలో రాసుకున్నాను.

కోపంగా ఉంటే ఉండు. జవాబు మాత్రం రాయి.

*

కాలువ గట్టు, ఏడో గది
ఫిబ్రవరి 20

అమ్మాయీ,

నెల రోజులు రాయలేదు. కోపంగానే ఉన్నా. ఇప్పుడూ ఉంది. మొన్న టికెట్టు పెద్దమ్మ, "అది నీ మాట వినలేదని కోపమా, విననందుకు నీకు గది వస్తుందని కోపమా?" అంది. కూరలో ఉప్పు ఎక్కువైందన్నా. నిజానికి ఆ పూట సరిపోయింది.

పోయిన మంగళవారం ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. నీకంటే రెండేళ్ళు పెద్దది ఉంటుంది. మమ్మల్ని ముగ్గురినీ విడివిడిగా కూర్చోబెట్టి అడగాలంది. మీ టికెట్టు పెద్దమ్మ ముందు వెళ్ళింది. తలుపు వేసుకున్నా ఏం లాభం, గోడ సంగతి నీకు తెలుసు.

"మీరూ ఏడో గది ఆవిడా సంపాదన కలిపి ఖర్చు పెడతారా?"

"దాని టీ పొడి డబ్బా నేను ముట్టుకుంటేనే ఒంటికాలి మీద లేస్తుంది. సంపాదన ముట్టుకోనిస్తుందా?"

"అంటే కాదని రాసుకోనా?"

"కాదని రాసుకో. కానీ మేము పోట్లాడుకున్నామని రాయకు. పోట్లాట వేరు, ఇది వేరు."

"దానికి గడి లేదమ్మా."

"లేకపోతే నువ్వే గీసుకో తల్లీ."

మీ టైలరత్త కుడుతూనే జవాబులు చెప్పింది. ఆ అమ్మాయి, "మిషను ఆపుతారా, వినపడటం లేదు" అంటే, "నువ్వు గట్టిగా అడుగు, ఇన్నేళ్ళకి అడగడానికి వచ్చావు" అంది.

నా వంతు వచ్చింది. ఇరవై ఒకటో గడి దగ్గర ఆ అమ్మాయి తల ఎత్తి నన్ను చూసింది. విషయం తెలిసే ఉంటుంది. కాదన్నా. టిక్కు పెట్టింది. అంతే, అరనిమిషం. దాని కోసం నీకు ఏడాది పోయింది.

మూడు గదులు ఇచ్చారు. ఆలస్యంగా ఇచ్చారు కాబట్టి పక్కపక్కన లేవు. ఏ బ్లాకులో ఖాళీ ఉంటే అందులో. వచ్చే నెల మొదటి వారం మారాలి.

లైబ్రరీ జిగురు చేతికి అంటుకుంటే గోరువెచ్చటి నీళ్ళు, కొంచెం నూనె. లాండ్రీలో అందరం అదే చేస్తాం.

పిన్ని

*

లైబ్రరీ, కింది అంతస్తు,
నంబర్ల బల్ల
ఏప్రిల్ 27

పిన్నీ,

జిగురు చిట్కా పనిచేసింది. ఇప్పటికి నాలుగు వేల పుస్తకాల వీపులు చూశాను. లోపలికి చూడటానికి టైము ఇవ్వరు. అట్ట మీది పేర్లు మాత్రం చదువుతుంటాను. పేదరికం గురించి ఇంతమంది ఇన్ని పేర్లతో రాశారని నాకు తెలియదు. ఒక బీరువా సరిపోక రెండోది తెప్పించారు.

వచ్చే ఏడాది ఇవ్వాల్సిన వ్యాసం ఇప్పుడే మొదలుపెట్టడానికి మేడమ్ ఒప్పుకున్నారు. అదే మూడు గదులు, ఇప్పుడున్న చోట. ఈసారి పేజీలు తక్కువ, ప్రశ్నలు ఎక్కువ. ఫారం ఇందులో పెట్టాను. ఎనిమిది ప్రశ్నలు నేను రాసినవి, చివరిది డిపార్ట్‌మెంటుది. నీ జవాబులు నీ మాటల్లోనే రాయి. టికెట్టు పెద్దమ్మకి, టైలరత్తకి వేరే ఫారాలు పెట్టాను, వాళ్ళవి వాళ్ళే చెప్పాలి, నువ్వు చెప్పకూడదు.

ఒక్కటి కూడా వదిలేయకు పిన్నీ. గడి ఖాళీగా ఉంటే కమిటీ వెనక్కి పంపుతుందని భయంగా ఉంది. ఈసారి వెనక్కి వస్తే నాకు ఇంకో అవకాశం లేదు.

నీ అమ్మాయి

*

సి బ్లాకు, రెండో అంతస్తు
మే 16

నిఘంటువుకు,

జవాబులు కింద ఉన్నాయి. మొదటి ప్రశ్నలో గది ఎలా ఉందో అడిగావు. పది అడుగులకి పది. తలుపు గట్టిది, గోడలు మందం. ఫోన్లో మాట్లాడినా పక్కవాళ్ళకి వినపడదు. పక్కవాళ్ళు ఏం మాట్లాడుకుంటారో నాకూ వినపడదు. కొళాయి లోపలే ఉంది. మొదటి వారం ఊరికే తిప్పి చూసేదాన్ని. నువ్వొచ్చి తిప్పుతానన్నావు, ఆగలేకపోయా.

వంట ఎలా అంటే, ఎవరి వంట వాళ్ళదే. మీ టైలరత్తది ఎ బ్లాకు, కింది గది, సంచులు మోయడానికి ఆవిడకి అదే మేలు. టికెట్టు పెద్దమ్మది ఎఫ్ బ్లాకు, నాలుగో అంతస్తు. మెట్ల దగ్గరా నడవలోనూ పొయ్యి పెట్టకూడదని బోర్డు ఉంది. ఒక్కదానికి ఎంత బియ్యం పోయాలో నాకు తెలియలేదు. రెండు వారాలు ఎక్కువే వండి మర్నాడు అదే తిన్నా. ఇప్పుడు కొలత కుదిరింది.

గ్యాసు ఎక్కువ అవుతోందా అంటే అవుతోంది. ముగ్గురికీ కలిపి అయినంత ఇప్పుడు ఒక్కొక్కరికి అవుతోంది. నీ పాత వ్యాసంలో మూడో పేజీ నిజమే అన్నమాట. జ్వరం వస్తే ఎవరు చూస్తారన్నావు. ఇంకా రాలేదు.

ఆ ఇద్దరినీ ఎన్నాళ్ళకోసారి కలుస్తావని అడిగావు. టైలరత్తని డ్యూటీకి పోతూ కిటికీలోంచి చూస్తా. మిషను చప్పుడు వింటే ఉన్నట్టు. టికెట్టు పెద్దమ్మ ఆదివారం ఒకసారి దిగివచ్చి, మెట్లని తిట్టి, నా టీ పొడి డబ్బా తీసి టీ పెట్టుకుని వెళుతుంది. నేను ఏమీ అనడం లేదు. ఆవిడకి అది నచ్చడం లేదు.

ఆరు, ఏడు, ఎనిమిది ప్రశ్నలకి జవాబులు ఫారం మీదే రాశా. సంపాదన సంగతి కూడా రాశా. మొత్తం రాశా. ఎవరికీ చెప్పనిది నీకు చెప్పా, జాగ్రత్త.

ఇక చివరిది, మీ డిపార్ట్‌మెంటు వాళ్ళ ప్రశ్న. "ఈ మార్పు వలన మీ జీవితం మెరుగుపడినదా? అవును / కాదు." మూడు రోజులు పెన్ను పట్టుకుని కూర్చున్నా. అవును మీద పెడదామని చెయ్యి వెళ్ళింది, ఆగింది. కాదు మీద పెడదామనుకున్నా, కొళాయి కనిపించింది. నువ్వు భయపడుతున్నావని తెలుసు. నీ కోసం ఏదో ఒకటి పెట్టేద్దామా అని కూడా అనిపించింది. పెట్టలేదు. నువ్వూ పెట్టకు.

ఆ గడి ఖాళీగా పంపించు. కమిటీ వాళ్ళు అడిగితే, అడిగాను, చెప్పలేదు అని రాయి.

పిన్ని